ఒండ్రు ఒప్పందం వెతుక్కుంటూ పాలమూరుకి

మా వైపు నుంచి పాలమూరు వెళ్లేవాళ్లు లేరు. అక్కడి వాళ్లే మా వైపు వస్తారు. కాలవ తవ్వాలన్నా, కట్ట పోయాలన్నా, ఎండాకాలం దివిసీమలో పలుగూ పారా పట్టుకుని కనిపించేది పాలమూరు కూలీలే. వాళ్ల ఊళ్లు ఎలా ఉంటాయని మాలో ఎవరమూ ఎప్పుడూ అడగలేదు. ఈ ఏడాది మే నెలలో నేను వెళ్లి తొమ్మిది రోజులు తిరిగొచ్చాను. తిరిగినన్నాళ్లూ భయపడుతూనే ఉన్నాను.

నేను కృష్ణానది సముద్రంలో కలిసే చోట, చేపలు పట్టుకు బతికే ఒక ఊళ్లో పంతులమ్మని. ఊరికీ సముద్రానికీ మధ్య మడ అడవి ఉండేది. పెద్ద గాలివానల తర్వాత అది ఏడాదికేడాది కోసుకుపోతోంది. మడ చెట్లు మళ్లీ లేవాలంటే బురద కావాలి. ఆ బురద మా పక్కనే ఉంది. పై ఊళ్ల వరి పొలాల మురుగు మోసుకొచ్చే డ్రెయిను, సముద్రంలో కలిసే మొగ దగ్గర పూడిపోతే, ఈ ఏడాది డ్రెడ్జరు పెట్టి తోడిస్తున్నారు. తోడిన ఒండ్రంతా గొట్టంలోంచి సముద్రంలోకి పోతోంది. దాన్నే మడ అడవి పోయిన చోట పోయిస్తే ఊరు నిలుస్తుందని మా ఆశ.

పై ఊళ్ల రైతులు ఒప్పుకోలేదు. అక్కడ పోస్తే మళ్లీ డ్రెయినులోకే జారి తమ పొలాలు మునుగుతాయన్నారు. మా ఊళ్లోనే కొందరు, బురద మీద పడితే పీతలూ రొయ్యలూ చస్తాయన్నారు. డ్రెడ్జరు చూసుకునే ఇంజనీరు మర్యాదస్తుడు. "అందరూ ఒక కాగితం మీద సంతకాలు పెట్టి తెండి, గొట్టం తిప్పిస్తాను. నెలాఖరుకి డ్రెడ్జరు వేరే చోటికి వెళ్లిపోతుంది" అన్నాడు.

రెండుసార్లు కూర్చున్నారు. రెండుసార్లూ తిట్టుకుని లేచారు. రెండోసారి లేచిన రోజున, గట్టు మీద మట్టి మోస్తున్న గోపాల్ అనే వనపర్తి కూలీ నా దగ్గరికొచ్చి అన్నాడు.

"మా ఊర్ల చెర్వు మట్టికి గిట్ల కొట్లాడరు పంతులమ్మా. ఎవలికెంత, ఏడ తవ్వాలె, ఏడ తవ్వొద్దు, అన్నిటికీ ఒప్పందం ఉన్నది. మా చిన్నాయన బాలయ్య ఆడ నీరటి. ఆయన్నడిగితె అన్నీ చెప్తడు."

నీరటి అంటే చెరువు తూము తెరిచి మూసే మనిషి. ఆ మాట పట్టుకుని బయల్దేరాను. తోడుగా పోలయ్య బాబాయి వచ్చాడు. అరవై దాటిన మనిషి, మా ఊరి పెద్దల్లో ఒకడు, పుట్టినప్పటి నుంచీ సముద్రాన్ని వదిలి రెండు రోజులు ఉన్నవాడు కాదు. ఏడేళ్ల మా అమ్మాయిని అత్తగారి దగ్గర వదిలాను. నెలాఖరుకి ఇంకా పదిహేను రోజులుంది.

మానవపాడు దాటుతుండగా

కర్నూలులో గద్వాల బస్సెక్కాక పోలయ్య బాబాయి మూటలోంచి వాసన మొదలైంది. దారిలో కూరలు ఎలా ఉంటాయోనని ఆయన ఎండు నెత్తళ్లు కట్టుకొచ్చాడు. ఆ సంగతి నాకు చెప్పలేదు. ఎండ ఎక్కేకొద్దీ బస్సంతా ముక్కులు మూసుకుంది.

"ఏందయ్యా గీ వాసన? ఎవలి మూట?" అన్నాడు కండక్టరు.

బాబాయి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. దింపేస్తారేమోనని నేను మూటని కాళ్ల కిందికి తోశాను. మానవపాడులో ఎక్కిన ఒక రైతు ఇల్లాలు మా ముందు సీట్లో కూర్చుని, వెనక్కి తిరిగి నేరుగా అడిగింది. "ఎండు చాపలా అన్నా? మాకు సంతల దొరికేటివి సగం ఇసుకే."

బాబాయి ప్రాణం లేచొచ్చింది. మూట విప్పి రెండు గుప్పిళ్లు ఆమె కొంగులో పోశాడు. ఆమె తన సంచిలోంచి వేరుశనక్కాయలు తీసి ఆయన ఒళ్లో పోసింది. ఇద్దరూ గద్వాల దాకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్లు కన్నడం, తెలుగు కలిపి ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. కండక్టరు మళ్లీ మా వైపు రాలేదు. కిటికీ బయట ఎర్ర నేల, నల్ల నేల, మళ్లీ ఎర్ర నేల. ఎక్కడా చుక్క నీరు లేదు. ఇంత ఎండిన చోట మా తడి గొడవకి జవాబు దొరుకుతుందా అన్న గుబులు అప్పుడు మొదలైంది.

గద్వాల

గద్వాలలో దిగేసరికి వనపర్తి వైపు బస్సు వెళ్లిపోయింది. బస్టాండు పక్కన చాయ్ తాగుతూ, చీరల మూటతో కూర్చున్న ఒకామెని లాడ్జి ఎక్కడని అడిగాను. ఆమె పేరు లక్ష్మమ్మ, నేతగాళ్ల ఇల్లాలు. నన్నూ బాబాయినీ కిందా మీదా చూసి, "లాడ్జి ఎందుకక్కా, మా ఇంట్ల పండుండ్రి. పెద్దమనిషికి వాకిట్ల మంచం ఏస్త" అంది.

మా వైపు ముక్కూ మొహం తెలియనివాళ్లని ఇంట్లో పడుకోమనడానికి ముందు ఊరూ పేరూ, బంధువులూ అన్నీ అడుగుతారు. ఆమె అడిగింది ఒక్కటే, జొన్నరొట్టె తింటారా అని.

ఇంటి ముందు గదంతా గుంట మగ్గం. నూలు చీరకి పట్టు అంచు నేస్తున్నారు. లక్ష్మమ్మ ఒక వైపు, ఆమె భర్త నర్సింహులు మరో వైపు కూర్చుని, పోగు మోసే నాడె ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పంపుకుంటున్నారు. నూలు పోగూ పట్టు పోగూ కలిసే చోట ప్రతి పోగునీ ముడేసినట్టు అల్లాలట. చూస్తున్న గంటసేపట్లో నేసింది జానెడు కూడా లేదు. ధర అడిగాను. నా జీతంలో సగం కంటే ఎక్కువ చెప్పారు. చేత్తో నిమిరి ఊరుకున్నాను.

పుంటికూర, పచ్చిపులుసు, జొన్నరొట్టెలు పెట్టారు. మేం గోంగూర అనే ఆకునే వాళ్లు పుంటికూర అంటారు. రుచి మాత్రం వేరు, మిరపకాయ దంచి వేశారు. తింటుండగా గమనించాను, మొగుడూ పెళ్లాలు ఒకరితో ఒకరు ఒక్క మాట కూడా మాట్లాడుకోవడం లేదు. రొట్టె కావాలన్నా నర్సింహులు నాతో చెప్తున్నాడు.

"మూడు దినాలాయె మాటల్లేక," అంది లక్ష్మమ్మ చెయ్యి కడుక్కుంటూ. "అంచుకు ఏం రంగెయ్యాలెనని కొట్లాట."

"మరి ఇందాకటిదాకా మగ్గం మీద కలిసే కూర్చున్నారు కదా?"

"మాటలు బందైతె నాడె ఆగుతదా అక్కా? ఆయన ఇయ్యాలె, నేను అందుకోవాలె."

నర్సింహులు గోడ వైపు తిరిగి నవ్వు దాచుకున్నాడు.

పొద్దున లేచేసరికి బాబాయి కళ్లు ఎర్రగా ఉన్నాయి. సముద్రం చప్పుడు లేక నిద్ర పట్టలేదన్నాడు. చెవులు మూసేసినట్టుందట.

వనపర్తి

వనపర్తిలో జట్కావాడు అడిగాడు, "ఏ సముద్రం కాడ దిగుతరు?"

పోలయ్య బాబాయి నా వైపు చూశాడు. తనతో పరాచికాలాడుతున్నాడనుకున్నాడు. జట్కావాడే చెప్పాడు, ఆ చుట్టుపక్కల పాత రాజులు తవ్వించిన పెద్ద చెరువులకి సముద్రాలనే పేర్లట. మొత్తం ఏడు ఉన్నాయట. దారిలో ఒకదాని కట్ట మీదుగా పోయాం. కనుచూపు మేర పగుళ్లు వారిన నల్లటి నేల, నడిమధ్య ఒక నీటి మడుగు, దాని చుట్టూ కొంగలు. బాబాయి దిగి, గుప్పెడు మట్టి తీసి నాలిక మీద పెట్టుకున్నాడు.

"ఉప్పు లేదు," అన్నాడు. "కానీ మన బురదకి అక్కే ఇది. ఎంత మెత్తగా ఉందో చూడు."

అక్కణ్నించి బాలయ్య ఊరు రెండు గంటల నడక. ఆ ఊరి పేరు నేను రాయడం లేదు. ఎందుకో చదివితే తెలుస్తుంది.

ఒప్పందం లేని ఊరు

బాలయ్య ఇంటి ముందు కూర్చుని జనపనార తాడు పేనుతున్నాడు. సన్నగా, నల్లగా, డెబ్బై దగ్గర పడ్డ మనిషి. గోపాల్ పంపాడనగానే సంతోషపడ్డాడు. చెరువు మట్టి ఒప్పందం గురించి వచ్చామనగానే తాడు పక్కన పెట్టేశాడు.

"గా ఒప్పందం ఇప్పుడేడున్నది? మా గోపాల్ మీ దిక్కు పనికి వచ్చినంక అయిపోయింది గది."

 కూర్చోమంటే కూర్చున్నాను.

ఆయన మెల్లగా చెప్పుకొచ్చాడు. ప్రతి ఎండాకాలం చెరువు ఎండినప్పుడు ఇంటికొక మనిషి వచ్చి ఒండ్రు తవ్వేవారు. వానకి పై మట్టి కొట్టుకుపోయిన చెలకలకి, అంటే మెట్ట చేలకి, మొదట తోలేవారు, ఆ తర్వాతే మిగతా పొలాలకి. కట్టకి నలభై అడుగుల లోపు గునపం పెట్టేవారు కాదు. నడిమి మడుగు బెస్తలది, చేపలు వానాకాలం దాకా బతకాలి కాబట్టి అక్కడ ఎవరూ దిగేవారు కాదు. ఈ ఏడాది ట్రాక్టరున్న ఒక ఆసామి, పని తొందరగా అవుతుందని కట్ట మొదట్లోనే తవ్వించుకున్నాడు. చూసి ఇంకో ముగ్గురు. కౌలు రైతులకి మంచి మట్టి మిగల్లేదు. వాళ్లు మడుగు వైపు జరిగారు. బెస్తలు కర్రలు పట్టుకొచ్చారు.

"నేను వద్దన్న. నీరటోని మాట ఎవడింటడు? చెర్వు దిక్కు పోక నెల అయితుంది," అన్నాడు బాలయ్య.

 మా ఊరికి చూపించుకుందామని వచ్చిన ఒప్పందం ఇలా తెగి పడి ఉంది. పై ఊళ్ల రైతులకి ఈ సంగతి తెలిస్తే, "చూశారా, ఎక్కడా కుదరదు" అంటారు. చెప్పకపోతే అబద్ధమాడినట్టు. తిరిగి వెళ్లిపోదామా అని బాబాయిని అడిగాను.

"వచ్చాం కదా, రేపు ఒకసారి ఆ చెరువులోకి దిగి చూసి పోదాం," అన్నాడాయన.

మడుగులో ఎద్దు

తెల్లారి చెరువు కట్ట ఎక్కేసరికి అప్పటికే జనం. మడుగు అంచున ఒక బండి వాలిపోయి ఉంది. ఒక ఎద్దుని విప్పి బయటికి తోలారు. రెండోది నల్లటి బురదలో పొట్ట దాకా దిగిపోయి, మెడ చాచి, కళ్లు తేలేస్తోంది. ఆ ఎద్దు వెంకటమ్మది. ఆమెకి సొంత భూమి లేదు, రెండెకరాలు కౌలుకి చేస్తుంది. పొడి మట్టి దొరక్క, ఎవరూ లేవకముందే మడుగు దగ్గర తవ్వుకుందామని బండి కట్టుకొచ్చింది.

ఆమె ఏడవడం లేదు. ఎద్దు తల దగ్గర బురదలో కూర్చుని దాని ముక్కు పైకెత్తి పట్టుకుంది. బెస్తలు ఒక వైపు నిలబడ్డారు. వాళ్ల పెద్ద మల్లేశం, "మా మడుగుల దిగొద్దని ఎన్నిసార్లు చెప్పినం" అంటున్నాడు గాని, ఆ గొంతులో కోపం కంటే గాభరా ఎక్కువగా ఉంది. ఇంతలో, కట్ట మొదట్లో తవ్వించిన ఆసామే ట్రాక్టరు తెప్పించాడు. మంచికే తెప్పించాడు. ఎద్దు మెడకి తాడు కట్టి లాగేద్దామని డ్రైవరు వెనక్కి వస్తున్నాడు.

పోలయ్య బాబాయి పంచె ఎగ్గట్టి నా పక్కనుంచి వెళ్లిపోయాడు. ట్రాక్టరు వెనక చక్రానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆపు బాబూ. మెడకేసి లాగితే మెడ ఇరుగుద్ది. బురద వదలదు."

"నువ్వెవలు?" అన్నాడు ఆసామి.

"నేను బురదలోనే పుట్టాను. ఒక్క గంట నా మాటినండి."

పరాయి ఊళ్లో, పరాయి చెరువులో ముసలాయన అలా అడ్డం నిలబడితే ఏమవుతుందోనని భయమేసింది. ఎద్దు చస్తే ఆ తప్పు మా మీద పడుతుంది. ఆసామి డ్రైవరుని ఆపమని చెయ్యి ఊపాడు.

బాబాయి ఈతాకు చాపలు, తలుపు చెక్కలు, తుమ్మకంప అడిగాడు. బాలయ్య, నెల రోజులుగా చెరువు వైపు పోలేదన్న మనిషి, తను పేనిన తాడంతా భుజానేసుకుని వచ్చాడు. కంప మోపులు బురద మీద పరిచి, దాని మీద చాపలు, చాపల మీద చెక్కలు వేశారు. బాబాయి వాటి మీద బోర్లా పడుకుని పాకుతూ ఎద్దు దగ్గరికి చేరాడు. మా వైపు అలా పాకే పిల్లలు మడ బురదలో పీతలు పట్టడం నేను చూశాను. ఇక్కడి జనం నోరు తెరిచి చూశారు.

"నీళ్లు తెండి. కుండల్తో. కాలి పక్కనించి పొయ్యండి. బురద పట్టు వదలాలంటే నీళ్లు లోపలికి దిగాలి."

మల్లేశం మనుషులే ముందు కదిలారు. ఎంతైనా మడుగు వాళ్లకే తెలుసు. కుండలు చేతులు మారాయి. వెదురు బొంగు లోపలికి దింపి, దాని పక్కనుంచి నీళ్లు పోస్తూ, ఒక్కో కాలూ కదిలించారు. తాడు ఎద్దు రొమ్ము చుట్టూ, తొడల చుట్టూ వేశారు. పైకి కాకుండా పక్కకి, ఒరిగేలా లాగమన్నాడు బాబాయి. నేనూ తాడు పట్టుకున్నాను. నా ముందు బెస్తల మనిషి, నా వెనక ఆసామి.

ఎంతసేపు లాగామో తెలియదు. ఎండ నడినెత్తికొచ్చింది. ఒక్కసారిగా పెద్ద చప్పుడుతో బురద వదిలింది. ఎద్దు చాపల మీదికి ఒరిగి పడింది. లేవలేదు. వెంకటమ్మ తడి కొంగుతో దాని మొహం తుడుస్తూ, "లెవ్వు బిడ్డా, లెవ్వు" అని మెల్లగా అంటూనే ఉంది.  చాలాసేపటికి ఎద్దు ముందు కాళ్లు మడిచింది. ఆగింది. వణుకుతూ లేచి నిలబడింది.

అప్పుడు పోలయ్య బాబాయి కూర్చున్నచోటే వెనక్కి పడిపోయాడు.

దవాఖానలో రెండు రోజులు

ఆసామి ట్రాక్టరు మీదే బాబాయిని వనపర్తి దవాఖానకి తీసుకెళ్లాం. దారి పొడుగునా ఆయన తల నా ఒళ్లో ఉంది. ఏమన్నా అయితే ఊళ్లో ఆయన కొడుకులకి ఏం చెప్పాలి అన్న మాట తప్ప నాకింకేమీ తోచలేదు. డాక్టరు చూసి వడదెబ్బ అన్నాడు. సెలైను పెట్టి, రెండు రోజులు కదలకూడదన్నాడు.

ఆ సాయంత్రం గేటు ముందు చాయ్ దుకాణంలో రేడియో వార్తలు వింటున్నాను. బంగాళాఖాతంలో అల్పపీడనం, బలపడే అవకాశం, కోస్తా జిల్లాల మత్స్యకారులు వేటకి వెళ్లరాదు. గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది.

సముద్రం ఒడ్డున బతికేవాళ్లకి ఆ మాట ఎలా వినిపిస్తుందో వేరే వాళ్లకి చెప్పడం కష్టం. మా అమ్మాయి, అత్తగారు, పూరిళ్లు, మధ్యలో అడ్డు లేని ఒడ్డు. పోస్టాఫీసుకి పరుగెత్తి ట్రంకాల్ బుక్ చేశాను. మా ఊరికి ఫోను లేదు, దగ్గరి పట్నంలో తెలిసినవాళ్ల దుకాణానికి. మర్నాడు మధ్యాహ్నం దాకా లైను కలవలేదు. టెలిగ్రాం ఇచ్చాను. జవాబు రాలేదు.

చాయ్ దుకాణం నడిపే ముసలామె నా మొహం చూసి, "ఎందుకంత పరేషాన్ అయితున్నవ్ బిడ్డా? జర కూసో" అంది. సంగతి చెప్పాను. ఆమె ఎప్పుడూ సముద్రం చూడలేదట. "మాకు మొగులు వట్టిందంటె పండుగ," అంది ఆలోచిస్తూ. మొగులంటే మబ్బు. "మీకు గట్ల కాదన్నట్టు." ఆ తర్వాత నేనెప్పుడు వెళ్లినా, అడక్కుండానే స్టేషను తిప్పి వార్తలు పెట్టేది.

"నువ్వు పోమ్మా, నేను ఒక్కణ్నీ వస్తాను," అన్నాడు బాబాయి. వెళ్దామనే అనుకున్నాను. సంచి కూడా సర్దుకున్నాను. మంచం పక్కన నిలబడి, ఆయన చేతికి గుచ్చిన సూది చూసి వెళ్లలేకపోయాను. వెళ్లినా నేను చేసేదేమీ లేదని తెలుసు. తెలిసినంత మాత్రాన ఊరట కలగలేదు.

రెండో రోజు వెంకటమ్మ, బాలయ్య వచ్చారు. ఆమె గిన్నెలో జొన్న గట్క, మా సంకటి లాంటిది, మీద మజ్జిగ పోసి తెచ్చింది. బాబాయికి తనే స్పూనుతో తినిపించింది. ఎద్దు మేత మేస్తోందట.

బాలయ్య నాతో అన్నాడు, "ఒప్పందం మాటల్ల చెప్తె మీ తాన ఎవలు నమ్ముతరు? కాగితం ఉన్నది. మా నాయన దినాలల్ల రాసింది. ఖాజా సార్ కాడ ఉన్నది, నాగర్‌కర్నూల్ల. రేపు నేనే తోల్కపోత."

నాగర్‌కర్నూలు

మర్నాడు బాబాయిని దవాఖాన నుంచి పంపించేశాక, బాలయ్యతో కలిసి ముగ్గురం వెళ్లాం. ఖాజా సారు రిటైరైన బడి పంతులు. ఒకప్పుడు బాలయ్య ఊళ్లో పనిచేశాడట. వేపచెట్టు కింద మంచం మీద కూర్చోబెట్టి, ఖుబానీకా మీఠా అనే తీపి పెట్టించి, అప్పుడు పెట్టె తెరిచాడు. కాగితం మడతల దగ్గర చిరిగిపోయింది. రాసింది ఉర్దూలో. కింద వేలిముద్రలు, చాలా.

ఆయన చదివి తెలుగులో చెప్తుంటే నేను నోటు పుస్తకంలో రాసుకున్నాను. కట్టకి ఎంత దూరం, ఎవరి చెలకకి ముందు, మడుగు ఎవరిది, బాలయ్య చెప్పినవే అన్నీ. చివర ఒక మాట బాలయ్య చెప్పలేదు. ఎవరైనా ఒక్కరు తప్పినా ఆ రోజే అందరూ పారలు దించాలి, తప్పినవాడితో సహా అందరూ కూర్చునేదాకా ఎవరూ మట్టి ముట్టకూడదు.

"పారలు దించుడు ఎరుకే గని, గీ మాట కాగితంల ఉన్నదని నాకు తెల్వదు," అన్నాడు బాలయ్య.

"నీకెట్ల తెలుస్తదయ్యా, నీకు చదువు రాదాయె," అన్నాడు ఖాజా సారు. మళ్లీ నా వైపు తిరిగాడు. "నేనున్న పన్నెండేండ్లల్ల ఈ ఒప్పందం మూడుసార్లు తప్పిన్రమ్మా. మూడుసార్లు పారలు దించి, మళ్ల కూసున్నరు. ఒకసారైతే నెల దినాలు కూసోలేదు. కాగితం ఉన్నందుకు ఎవలూ భయపడలే. ఒకని తర్వాత ఒకడు వచ్చి అరుగు మీద కూసున్నరు, అంతే."

"తప్పినవాడు రాకపోతే?"

"వాడి పొలానికి గూడ మట్టి కావాలె గద. ఎప్పటికైనా వస్తడు."

బాలయ్య ఆ కాగితం రెండు చేతుల్లోకి తీసుకుని, వేలిముద్రల్లో వాళ్ల నాన్నది ఏదని అడిగాడు. ఖాజా సారు వేలు పెట్టి చూపించాడు. చదవడం రాని ఆ మనిషి దాన్ని చాలాసేపు చూశాడు. "నేను పోత సార్. ఇయ్యాల్నే పోయి అందర్ని పిలుస్త," అన్నాడు.

బస్టాండులో పేపరు కొన్నాను. అల్పపీడనం ఒరిస్సా వైపు మళ్లిందట.  ప్రాణం కుదుటపడింది. వెంటనే, అక్కడ ఒడ్డున కూడా ఎవరో నాలాగే ఉంటారని గుర్తొచ్చి, నా సంతోషానికి నాకే సిగ్గేసింది.

మన్ననూరు మీదుగా

తిరుగుదారి అమ్రాబాద్ అడవుల్లోంచి. మన్ననూరు దగ్గర ఫారెస్టు వాళ్లు బస్సాపి మూటలు చూశారు. పక్కన చెంచు ఆడవాళ్లు ఇద్దరు, కట్టెల మోపులు దింపి నిలబడి ఉన్నారు. ఆ మోపులు వదులుతారో లేదో తేలకముందే మా బస్సు కదిలింది. బాబాయి నీరసంగా కిటికీకి ఆనుకుని, ఆ అడవి ఎంత దూరం ఉంటుందని అడిగాడు. సాయంత్రం దాకా ఉంటుందన్నారు. ఆయన దారంతా చెట్లనే చూస్తూ కూర్చున్నాడు. నేను మాత్రం నోటు పుస్తకం తెరిచి, ఊళ్లో ఏం చెప్పాలో రాసి కొట్టేస్తూనే ఉన్నాను. ఆ ఊరి గొడవ చెప్పాలా వద్దా అన్నది శ్రీశైలం దాటినా తేలలేదు.

మా ఊళ్లో

నెలాఖరుకి నాలుగు రోజులుందనగా బడిలో మూడోసారి కూర్చున్నారు. పై ఊళ్ల నుంచి రైతుల తరఫున సాంబయ్య అనే ఆసామి వచ్చాడు. మొదటి నుంచీ గట్టిగా వద్దంటున్నది ఆయనే. నేను షరతులన్నీ చదివాను.

"బాగుంది పంతులమ్మగారూ," అన్నాడు సాంబయ్య. "ఆ ఊళ్లో ఇప్పుడు అలాగే జరుగుతోందా?"

 మా ఊరివాళ్లంతా నా వైపే చూస్తున్నారు.

"లేదండీ," అన్నాను. "ఈ ఏడాది తప్పారు. మేం వెళ్లేసరికి కర్రలు పట్టుకుని ఉన్నారు."

ఎద్దు సంగతి, ట్రాక్టరు సంగతి, ఉర్దూ కాగితంలో చివరి మాట, మూడుసార్లు తప్పి మూడుసార్లు కూర్చున్న సంగతి, అన్నీ చెప్పాను. ఈసారి కూర్చున్నారో లేదో నాకు తెలియదని కూడా చెప్పాను.  పని చెడిపోయిందనే అనుకున్నాను.

సాంబయ్య నా నోటు పుస్తకం వైపు చెయ్యి చూపి, "ఆ చివరి మాట ముందు రాయండి," అన్నాడు. "ఒండ్రు ఒక్క బుట్ట డ్రెయినులోకి జారినా గొట్టం ఆపాలి. అందరం వచ్చి కూర్చోవాలి. అది ఉంటే నేను పెడతాను సంతకం."

పీతలు పట్టేవాళ్లు, పిల్ల పీతలుండే చిన్న పాయ వదిలేసి పొయ్యాలన్నారు. అదీ రాశాం. బురద జారకుండా సరుగుడు కంపతో దడి కట్టాలని బాబాయి చెప్పాడు. చెరువులో కంప మీద చాప నిలిచిన తీరు చూశాకే ఆయనకి ఆ ఆలోచన వచ్చిందట. చీకటి పడకముందే సంతకాలు, వేలిముద్రలు పూర్తయ్యాయి. ఇంజనీరు మాట తప్పలేదు. ఇంకో ఊరికి కబురు పెట్టి, డ్రెడ్జరుని వారం ఎక్కువ ఉంచాడు. గొట్టం మా వైపు తిరిగింది.

జూన్ చివర పౌర్ణమి పోటు దడిని రెండు చోట్ల తెంచింది. పొద్దున వెళ్లి చూస్తే, పోసిన బురదలో ఒక పక్క కరిగి డ్రెయిను మొగ వైపు జారుతోంది. పోలయ్య బాబాయి నడుము లోతు నీళ్లలో నిలబడి కంప కుడుతున్నాడు గాని, ఉన్న కంప చాలదని అందరికీ తెలుస్తూనే ఉంది. డ్రెడ్జరు వెళ్లిపోయింది కాబట్టి ఆపడానికి గొట్టం లేదు గాని, షరతు ప్రకారం పై ఊళ్లకి కబురు పెట్టి అందరం కూర్చోవాలి. సాంబయ్య వచ్చి చూస్తే ఏమంటాడోనని భయపడుతూ, ఎవర్ని పంపాలా అని ఒడ్డున తర్జనభర్జన పడుతున్నాం.

అప్పుడు కరకట్ట మీద బండ్లు కనిపించాయి. ఐదో ఆరో, వరసగా. వాటి నిండా సరుగుడు కంప. పై ఊళ్ల రైతులు ఎప్పుడూ మా ఒడ్డుకి బండి తోలుకుని రావడం నేను చూడలేదు. పోటు ఎంతెత్తు వచ్చిందో వాళ్ల కాలవలో నీళ్లు చూసి తెలిసిందట. మేం ఎవరమూ పిలవలేదు.

ముందు బండి మీంచి సాంబయ్య దిగి, చెప్పులు విప్పి బండి కిందికి తోసి, పంచె పైకి కట్టాడు. మోపు ఒకటి భుజాన వేసుకుని బురదలోకి దిగాడు.

"ఎక్కడ దించను?" అని పోలయ్య బాబాయిని అడిగాడు.